వైద్యవిద్యలో చేతి నేర్పు

బోధను ప్రాంతపు చెరకు రైతుకు బెల్లం వండుటలో ఒక రహస్యం తెలుసు. పాకం ముదిరినదో లేదో పుస్తకం చదివి చెప్పలేము. కొంచెం పాకం చన్నీళ్ళలో వేసి, వ్రేళ్ళతో ఉండ కట్టి చూచి తెలుసుకొనవలెను. ఆ నేర్పు పెద్దల ప్రక్కన నిలిచి, నాలుగు పెనములు చెడగొట్టిన తరువాత గాని రాదు. కాని పాకం చెడితే నష్టం ఒక పెనం బెల్లంతో సరి. వైద్య విద్యార్థి చేయి తప్పితే నష్టపోయేది ఒక మనిషి. మరి ఆ చేయి ఎక్కడ, ఎప్పుడు, ఎవరి ఎదుట అలవడవలెను? వైద్యవిద్య చరిత్రలో పెద్ద భాగం ఈ ప్రశ్నకు సమాధానం వెదకుటయే.

ఐరోపాలో చాలకాలం వైద్యం ప్రాచీన గ్రంథాలను చదివి వినిపించుట ద్వారా బోధింపబడేది. 18వ శతాబ్ది ఆరంభంలో హాలెండు దేశపు లైడెన్ నగరంలో బూర్హావే అను ఆచార్యుడు పన్నెండు పడకల చిన్న ఆసుపత్రికి విద్యార్థులను తీసుకొనిపోయి, రోగి ప్రక్కనే పాఠం చెప్పేవాడు. ఆ పద్ధతి క్రమంగా దేశదేశాలకు వ్యాపించినది.

మన ప్రాంతానికి ఆధునిక వైద్యవిద్య 1846లో వచ్చినది. ఆ సంవత్సరం హైదరాబాదులో డాక్టర్ మెక్లీన్ ఆధ్వర్యాన వైద్యపాఠశాల ప్రారంభమయినది. తొలి దశాబ్దాలలో బోధన ఉర్దూలోనే జరిగేది. 1885లో ఎడ్వర్డ్ లారీ వచ్చిన తరువాత ఆ పాఠశాల పేరు ప్రపంచమంతా వినిపించినది. అందుకు కారణం క్లోరోఫారం.

శస్త్రచికిత్సలో స్పృహ తప్పించుటకు వాడే ఈ ద్రవం అప్పుడప్పుడు రోగి ప్రాణం తీసేది. మొదట ఆగేది గుండెయా, శ్వాసయా? శ్వాసయే అని లారీ నమ్మకం. కనుక మత్తు ఇచ్చేవారు దృష్టినంతా ఊపిరిపై నిలుపవలెనని విద్యార్థులకు నేర్పేవాడు. 1888, 1889 సంవత్సరాలలో రెండు క్లోరోఫారం సంఘాలు హైదరాబాదులో జంతువులపై ప్రయోగాలు జరిపినవి. రెండవదానికి లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చుటకు నిజాం ప్రభుత్వం వేయి పౌన్లు ఇచ్చినది. సంఘాలు లారీ మతాన్నే సమర్థించినవి.

ఊపిరిని శ్రద్ధగా గమనించుట మంచి అలవాటే. కాని సిద్ధాంతం సంపూర్ణం కాదు. 1911లో గుడ్మన్ లెవీ పిల్లులపై ప్రయోగాలు చేసి, తక్కువ మోతాదు క్లోరోఫారంలో ఎడ్రినలిన్ కలిసినప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా నిలిచిపోవచ్చునని చూపెను. అనగా చేయి ఎంత నేర్పరి అయినా, దానికి దారిచూపే శాస్త్రం తప్పితే నేర్పు రోగిని కాపాడదు. హైదరాబాదు పాఠశాలలో చదివి, 1889 నుండి మత్తు ఇచ్చుటలో పేరుపొందిన డాక్టర్ రూపాబాయి ఫర్దూన్జీ ఈ సంగతి గ్రహించినట్లున్నది. ఆమె 1909లో ఎడింబరోకు వెళ్ళి, భౌతిక రసాయన శాస్త్రాలు చదివి వచ్చినది.

ఇక రెండవ ప్రశ్న కాలం. అభ్యాసానికి సమయం ఎక్కడిది? 1893లో ప్రారంభమయిన అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యపాఠశాలలో విలియం ఆస్లర్ విద్యార్థులకు వార్డులలోనే నియమితమైన పనులు అప్పగించెను. 1960లో నార్వేకు చెందిన లేర్డాల్ శ్వాస పోయించుట నేర్చుకొనేందుకు ఒక బొమ్మను తయారుచేసెను. 1975లో డండీ నగరంలో హార్డెన్ కొత్త పరీక్షను ప్రకటించెను. అందులో విద్యార్థులు గంట మోగగానే ఒక బల్లనుండి మరొక బల్లకు పోయి, ఒక్కొక్క చోట ఒక్కొక్క పని చేసి చూపవలెను. భారతదేశంలో 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక ఈ అనుభవాలను ఒకచోట చేర్చినది. చూపుట, గమనించుట, సహాయపడుట, స్వయంగా చేయుట అను నాలుగు మెట్లు దానిలో ఉన్నవి. చేసిన పని పుస్తకంలో నమోదు కావలెను.

నిజామాబాదులో ప్రభుత్వ వైద్యకళాశాల 2013లో తొలి విద్యార్థులను చేర్చుకొన్నది. ఇటువంటి కళాశాలలో కాలపట్టిక ఎంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలియును. నూరుగురు విద్యార్థులు, రబ్బరు చేయి ఒక్కటే అనుకొనుడు. రక్తనాళంలో సూది గుచ్చుటకు ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు పట్టినచో, అందరికీ ఒక్కసారి కావడానికే పది గంటలు కావలెను. అయిదేసిసార్లు చేయవలెనన్నచో యాబది గంటలు. అయిదు చేతులున్నచో అది మరల పది గంటలకు దిగును. అయితే అయిదుచోట్లా తప్పు దిద్దే ఉపాధ్యాయుడు ఉండవలెను. ఉపన్యాసాలు పోగా మిగిలిన సమయంలో చేసుకొనవచ్చునని వదలివేస్తే ఆ పది గంటలు ఏనాటికీ రావు. ఉత్సాహవంతులు పదిసార్లు చేయుదురు, బిడియపడేవారు ఒక్కసారీ చేయరు. పట్టా మాత్రం ఇద్దరికీ ఒక్కటే.

రబ్బరు చేతికి నొప్పి లేదు, భయం లేదు. అందుచేత దానిపై నేర్చినవాడు రోగితో మాట్లాడుట, ధైర్యం చెప్పుట వార్డులోనే నేర్వవలెను. అయినా మొదటి తప్పులు రబ్బరు మీద జరిగిపోవుట మేలు. పల్లెలనుండి పెద్దాసుపత్రికి వచ్చే రోగి తన చేయి చాచునప్పుడు ఎదుటివానికి ఇది ఎన్నవసారి అని అడుగడు. ఆ ప్రశ్న అతని తరపున ముందుగానే అడిగి పెట్టేది కళాశాల గోడకు అంటించిన కాలపట్టికయే.