రక్షకుల మనోగాయము

ఆపదలో చిక్కినవానిని జూచి జాలిపడుట లోకసహజము. వాని నెత్తి తెచ్చినవాని మనసేమైనదని విచారించువారు మాత్రము అరుదు. ఈ యుపేక్ష నేటిది కాదు.

మొదటి ప్రపంచయుద్ధమున ఫిరంగిమ్రోతల నడుమ నిలిచిన సైనికులు పలువురు నిద్రకు దూరమై, మాట పడిపోయి, వణకసాగిరి. 1915 లో మైయర్సు అను ఆంగ్లవైద్యుడు ఈ స్థితిని 'షెల్‌షాక్' అను పేరుతో వైద్యపత్రికలో వర్ణించెను. అయినను సేనాధికారులలో ననేకులు దానిని పిరికితనమనియే తలచిరి. 1980 లోగాని అమెరికా మనోవైద్యుల సంఘము ఇట్టి గాయమునకు తన రోగముల పట్టికలో ప్రత్యేకస్థానము నీయలేదు. 1983 లో మిచెల్ అను నాతడు అగ్నిమాపకదళములవారిని, అత్యవసర సేవకులను ఘోరము జరిగిన కొలదిదినములలో గూర్చుండబెట్టి, చూచినదంతయు చెప్పించు పద్ధతి నొకదానిని ప్రతిపాదించెను. ఒక్క పర్యాయము చెప్పించి విడిచినంతమాత్రమున రోగము రాకుండ ఆగదని తరువాతి పరిశోధనలవలన తేలినది.

ఈ చరిత్రతో మనకేమి పని యందురా? 2018 సెప్టెంబరు 11 న జగిత్యాలకు వచ్చుచున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాటుదారిలో లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. వారిలో పలువురు శనివారంపేట, హిమ్మత్‌రావుపేట మున్నగు చుట్టుపట్ల పల్లెలవారు. బస్సులోనుండి వారిని వెలికిదీసినవారు గ్రామస్థులు, పోలీసులు, 108 వాహనసేవకులు. పల్లెలు చిన్నవి గాన, ఎత్తినవారిలో ఎందరికో ఆ మొగములు ఎరిగినవే యైయుండును.

ఆ కొండపైనున్న ఆంజనేయస్వామి సన్నిధికి మనోవ్యాధిగ్రస్తులను తెచ్చి దినములతరబడి నిలుపు ఆచారము కలదు. అది వైద్యమునకు బదులు కాజాలదు. కాని కలత ఒక్కదినమున తీరదనియు, దానికి తోడు కావలెననియు మన పెద్దలెరిగిరి.

ఇట్టి భారము పెద్ద ప్రమాదములప్పుడే కలుగునది కాదు. గల్ఫు దేశములలో మరణించినవారి పేటికలను శంషాబాదునుండి కోరుట్ల ప్రాంతమునకు చేర్చు వాహనచోదకుడు ప్రతివాకిట నేడ్పు వినవలసినదే. సిరిసిల్లలో బలవన్మరణము పొందిన నేతకార్మికుని దేహమును దించు పోలీసు మరునాడు మరల కొలువునకు పోవలసినదే.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోవైద్యమును ప్రతివ్యక్తికి హక్కుగా జేసినది. 2022 అక్టోబరులో ప్రారంభమైన 'టెలిమానస్' సేవకు 14416 సంఖ్యపై ఏవేళనైనను ఉచితముగా ఫోను చేయవచ్చును. హక్కు కలిగియు అడుగుటకు సిగ్గుపడువానికి దానివలన ఫలమేమి?

కావున మేము కోరునది స్వల్పము. ప్రతి ఠాణాలోను, ప్రతి 108 కేంద్రమునను అనుభవజ్ఞుడైన తోటివాని నొకనిని నియమింపుడు. ఘోరము జరిగిననాడు అతడు రక్షకునకు అన్నము, విశ్రాంతి సమకూర్చవలెను, మాటాడుమని బలవంతపెట్టరాదు. వారమునకొకమారు, నెలకొకమారు కుశలమడుగవలెను. నెల దాటినను పీడకలలు, ఉలికిపాటు, ఆ దారినే తప్పించుకొని తిరుగుట మానకున్నచో శిక్షణ పొందిన మనోవైద్యునికడకు తోడ్కొని పోవలెను. ఆ సంగతి ఉద్యోగపుస్తకమున మచ్చగా నెక్కరాదు. ఈ కడపటి నియమము లేనిదే తక్కినవన్నియు వ్యర్థములు.