నోటా, కార్డా? కడలి దాటిన మన దుడ్డు కథ



పోయిన ఆదివారం కూటంలో శ్రీలంక పయనం గురించి మాట్లాడుకున్నాము కదా. పదునాలుగు మంది, ఏడు రోజులు. టికెట్లు, వీసా, సాపాటు అన్నీ అరగంటలో తేలిపోయినాయి. చేతిఖర్చు దుడ్డు ఎట్ల తీసుకపోవాలనే కాడ మాత్రం గంటన్నర జగడం. పెద్దామె ఒకరు "నోట్లే తీసుకపోదాం, కొంగున ముడేసుకుంటే ఎవురినీ అడగనక్కరలేదు" అన్నారు. ఆమె మనమడు "కార్డు చాలు అవ్వా, అది కూడా వద్దు, ఫోను చాలు" అన్నాడు. కడకు అందరూ మా వైపు తిరిగినారు. ముప్పై అయిదేండ్లు రైల్వే కౌంటర్లో దుడ్డు లెక్కపెట్టినవాళ్లు, మీరే చెప్పండి అన్నారు. ఒక వారం గడువు అడిగి ఇంటికి వచ్చినాము.

రాయను కూర్చుంటే జవాబు కన్నా ముందు పాత కథలు గుర్తుకొచ్చినాయి. అవి చెప్పకుండా జవాబు చెబితే అది ఉత్త లెక్కగా ఉంటుంది. కాబట్టి కొంచెం పొడుగైనా ఓర్చుకొని చదవండి.

మాకు కార్డు అంటే మొదట అట్ట టికెట్టే. తేదీ గుద్దే యంత్రంలో పెట్టి టక్కుమని గుద్ది ఇచ్చేది. దినం ముగిసినాక గల్లాపెట్టెలో చేరిన దుడ్డును లెక్కపెట్టి, తోలు సంచిలో వేసి, ముద్ర వేసి, బండిలో గార్డు కాడ ఉండే ఇనుప పెట్టెలో వేసి పంపేది. ఆ సంచి క్యాష్ ఆఫీసుకు చేరి లెక్క సరిపోయిందని తెలిసేదాకా మాకు సరిగా నిద్ర పట్టేది కాదు. అదే కౌంటరుకు వెల్లింగ్టన్ నుంచి సిపాయిలు వచ్చేవాళ్లు. వాళ్లు దుడ్డు ఇచ్చేది లేదు, మిలిటరీ వారంటు అనే కాగితం ఇచ్చేది. మేము దాన్ని తీసుకొని టికెట్టు ఇచ్చేది. ఆ కాగితం పట్టుకొని రైల్వే తరువాత రక్షణ శాఖ కాడ వసూలు చేసుకొనేది. సాయంత్రం లెక్కలో నోటూ వారంటూ రెండూ దుడ్డే. అయితే నోటు చేతిలో ఉండే సొమ్ము, వారంటు వేరే ఎవరో ఇచ్చిన మాట. ఈ ఒక్క తేడాను మనసులో పెట్టుకోండి, మన పెద్దలు లంకకు పోయి వచ్చిన కథ అంతా దీని మీదే నడుస్తుంది.

లంక మనకు కొత్త ఊరు కాదు. క్యాండీ రాజులకు మదురై నాయక్కర్ల ఇండ్ల నుంచి పెండ్లికూతుళ్లు పొయ్యేది వాడుక. 1739లో నరేంద్ర సింహ రాజు బిడ్డలు లేకుండా చనిపోతే, రాణి తమ్ముడు శ్రీ విజయ రాజసింహ అనే పేరుతో గద్దె ఎక్కినాడు. అప్పటినుంచి 1815లో ఆంగ్లేయులు క్యాండీని పట్టుకొనేదాకా నలుగురు నాయక్కర్ రాజులు ఏలినారు. కడపటి రాజు శ్రీ విక్రమ రాజసింహను వేలూరు కోటలో పెట్టినారు. ఆయన 1832లో అక్కడే కన్నుమూసినారు. వేలూరులో పాలారు ఒడ్డున ఆయన సమాధి ఉంది.

ఆ కాలంలో ఒక రాజ్యం నుంచి ఇంకొక రాజ్యానికి పొయ్యేవాళ్ల చేతిలో బంగారు వరహాలు, వెండి నాణేలు ఉండేవి. పంది బొమ్మ ఉన్న నాణెం కాబట్టి వరహా అని పేరు వచ్చింది. కొత్త ఊరిలో షరాబు దాన్ని తూచి, గీసి చూసి, ఇంత విలువ అని చెప్పేవాడు. రాజు మారినా బొమ్మ మారినా లోహం విలువ లోహానికి ఉండేది. షరాబు కొంచెం కోసుకొనేవాడు, ఈనాటి మనీ చేంజర్ కోసుకోడా ఏమి! అయినా చేతికి కొంత మిగిలేది.

నూరేండ్ల తరువాత మన జనం లంకకు పోయిన తీరు వేరు. పెండ్లి పల్లకిలో పోయినవాళ్లు కాదు వీళ్లు, తేయాకు తోటల పనికి పోయినవాళ్లు. తమిళులు ఎక్కువ, వాళ్లతో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఊరికి కంకాణి వచ్చి, అప్పు తీర్చి, చేతిలో కొంచెం ముంగడ దుడ్డు పెట్టి పిలుచుకొని పొయ్యేవాడు. 20వ శతాబ్దం మొదటి ఏండ్లలో ఈ పయనానికి ఒక కొత్త పద్ధతి వచ్చింది, రేకు టికెట్టు. చిన్న తగరపు బిళ్ల. దాని మీద తోట గుర్తు నంబరు. దాన్ని మెడలో కట్టుకుంటే చాలు, తూత్తుకుడి దారిలోనూ తరువాత మండపం దారిలోనూ ఎక్కడా దుడ్డు ఇయ్యనక్కరలేదు. బండి, పడవ, శిబిరంలో సాపాటు, అన్నీ తోట లెక్కలో పడేవి.

రైల్వే మనిషిగా మేము ఈ సంగతి మొదట విన్నప్పుడు ఆశ్చర్యపోయినాము. చేతిలో కాసు లేని మనిషి బిళ్ల చూపించి సముద్రం దాటుతున్నాడు, ఖర్చు ఎక్కడో ఒక పుస్తకంలో రాస్తున్నారు. ఈ కాలం క్రెడిట్ కార్డు చేసేది అదే కదా! కానీ కార్డును మనము జేబులో పెట్టుకుంటాము, ఆ బిళ్ల మనిషి మెడలో ఉండింది. తోటకు చేరినాక కంకాణి కాడ బాకీ ఉండేది. ఆ బాకీ తీరుస్తేనే పంపుతామని తోట దొర రాసిచ్చే చీటీని తుండు అనేవాళ్లు. బాకీ ఎంత పెరిగితే మనిషి అంతగా ఆ తోటకు కట్టుబడేవాడు. 1921లో చట్టం తెచ్చి ఆ తుండు పద్ధతిని ఎత్తేసినారు.

ఇక్కడ మా ఇంటి కథ చెప్పాలి. మా నాయనకు అక్క, మాకు అత్త, పెండ్లి చేసుకొని హట్టన్ పక్కన ఒక తోటకు పోయింది. ఆమె మామగారు అప్పటికే రేకు టికెట్టుతో పోయినవారు. ఆ కాలంలో మద్రాసు నుంచి ధనుష్కోడికి బోట్ మెయిల్, అక్కడ దిగి పడవ ఎక్కితే తలైమన్నార్. 1914లో పాంబన్ వంతెన తెరిచినాక వచ్చిన దారి అది. 1964 డిసెంబరు తుపానులో ధనుష్కోడే పోయింది. అదే ఏడు అక్టోబరు 30న శాస్త్రి గారూ సిరిమావో గారూ ఒప్పందం చేసుకున్నారు. లంకలో ఏ దేశానికీ చెందకుండా ఉన్న మనవాళ్లలో 5,25,000 మందిని భారతం తీసుకోవాలి, 3,00,000 మందికి లంక పౌరసత్వం ఇయ్యాలి అని. మనుషుల్ని మూటల మాదిరి పంచుకున్నారు.

అత్త 1973లో తిరిగి వచ్చింది. అప్పుడు మాకు పన్నెండు, పదమూడేండ్లు. మేట్టుపాళయం స్టేషన్లో దిగి నీలగిరికి పొయ్యే కుటుంబాలు ఆ ఏండ్లలో శానా ఉండేవి. తిరిగి వచ్చినవాళ్లకు పని చూపించను 1968లో సర్కారు మొదలుపెట్టిన తేయాకు తోటలు, ఈనాటి టాన్‌టీ, కొండ మీద ఉన్నాయి కాబట్టి. తగరపు పెట్టెలు, చాపచుట్టలు, చలికి వణికే పిల్లలు. మా నాయన అత్తను చూసి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏడ్చింది మాకు గుర్తుంది.

అత్త కాడ మూడు రకాల ఆస్తి ఉండింది. ఒకటి, దిండులో కుట్టి తెచ్చిన లంక నోట్లు. రామేశ్వరంలో దిగినాక వాటిని అంగడివాళ్లు తీసుకోలేదు, మార్చేవాడు చెప్పిందే ధర. రెండు, ఫ్యామిలీ కార్డు. లంకలో భారత కార్యాలయం కుటుంబానికి ఇచ్చిన పత్రం అది. పనైనా, ఇంటికి అప్పైనా ఆ కార్డు చూపిస్తేనే. మూడు, చెవుల కమ్మలు.

కొండ మీదికి పోయిన కొన్ని నెలలకే మామకు రొమ్ము జబ్బు వచ్చింది. వైద్యానికి దుడ్డు లేక ఫ్యామిలీ కార్డును ఒక వడ్డీవాడి కాడ రెండు నూర్ల రూపాయలకు కుదవ పెట్టినారు. ఇంటి అప్పుకు పేర్లు పిలిచిన దినం కార్డు వాళ్ల చేతిలో లేదు. మా నాయన ఆవును అమ్మి విడిపించేసరికి ఆ ఏటి పట్టీ ముగిసిపోయింది, ఇంకొక ఏడు ఆగాల్సి వచ్చింది. ఆ నడుమ అన్నం పెట్టింది కమ్మలే. అత్త తరువాత ఎన్నోసార్లు చెప్పేది: "నోటు ఆ దేశానిది, కార్డు సర్కారుది. నాదంటూ ఉండింది చెవులో ఉండేదే."

నోట్లను నమ్ముకున్నవాళ్ల కథలు ఇంకా ఉన్నాయి. మలయాలో 1942 నుంచి 1945 దాకా జపానువాళ్లు అరటి చెట్టు బొమ్మ వేసిన నోట్లు అచ్చేసినారు. రబ్బరు తోటల్లో మనవాళ్లు చెమటోడ్చి కూడబెట్టిన ఆ నోట్లు, యుద్ధం ముగిసినాక పొయ్యిలో పెట్టను కూడా పనికిరాని కాగితాలైనాయి. బర్మాలో 1964 మే 17న నేవిన్ సర్కారు 50, 100 చాట్ నోట్లు చెల్లవని చెప్పింది. అంగళ్లు పోగొట్టుకొని ఓడ ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లు ఎంతమందో. మదరాసు బర్మా బజారుకు ఆ పేరు ఊరికే రాలేదు.

మన దేశం నుంచి దుడ్డు బయటికి తీసుకపొయ్యేది కూడా సులువుగా ఉండింది కాదు. 1960లలో చదువుకు పోయినవాళ్లు 8 డాలర్లతో విమానం దిగినామని చెప్పుకొనేది మీరు వినే ఉంటారు. 1973లో ఫెరా చట్టం వచ్చి ఇంకా బిగించింది. బ్యాంకు కార్డులు మన దేశంలో 1980లో సెంట్రల్ బ్యాంకుతో, 1981లో ఆంధ్రా బ్యాంకుతో మొదలైనాయి. పట్టాభి సీతారామయ్య గారు 1923లో మచిలీపట్నంలో పెట్టిన బ్యాంకు ఈ పనిలో ముందు వరుసలో ఉండిందంటే మనకు గర్వమే. ఫెరా పోయి ఫెమా అమలుకు వచ్చింది 2000 జూన్ 1న. 2004లో ఒక మనిషి ఏడాదికి 25,000 డాలర్లు పంపవచ్చన్నారు, 2015 నుంచి అది 2,50,000. ఎనిమిది డాలర్ల నుంచి ఇక్కడికి!

నడుమ ట్రావెలర్స్ చెక్కుల కాలం ఒకటి ఉండింది. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 1891లో తెచ్చింది. కొనేటప్పుడు ఒక సంతకం, మార్చేటప్పుడు ఇంకొక సంతకం, పోతే కొత్తది ఇస్తారు. శానా భద్రం. అయితే ఒక పొద్దున ఊటీ బండి 7:10కి కదలబోతుంటే, విదేశీ దంపతులు మా కౌంటరు ముందర ఆ చెక్కుల కట్ట పెట్టినారు. మాకు రూపాయలు తప్ప వేరేది తీసుకొనేదానికి అనుమతి లేదు. చేతిలో వందల డాలర్లు ఉన్నాయి, టికెట్టుకు చిల్లర లేదు. మా జేబులో నుంచి కట్టి టికెట్టు ఇచ్చినాము. మరుసటి దినం ఊటీలో చెక్కు మార్చుకొని దిగివచ్చి దుడ్డు ఇచ్చి పోయినారు. ఎంత పెద్ద పేరున్న కాగితమైనా, ఎదుటివాడు తీసుకుంటేనే దుడ్డు. ఆ పొద్దు మేము నేర్చుకున్నది ఇదే.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వస్తాము. మేము చెప్పేది మూడు పంగులు చేయమని.

మొదటి పంగు నోట్లు. డాలర్లు ఒక పయనానికి 3,000 దాకా నోట్లుగా తీసుకపోవచ్చు, మనకు అంత అక్కరలేదు. అనుమతి ఉన్నవాళ్ల కాడే మార్చుకొని రసీదు దాచుకోండి. మూడు చక్రాల బండికి, గుడి ముందర పూలకు, తోట దారిలో టీకి నోటే కావాలి. అన్నీ ఒకే సంచిలో పెట్టొద్దు, భార్యాభర్తలు విడివిడిగా పెట్టుకోండి.

రెండో పంగు కార్డు. హోటలుకు, పెద్ద అంగడికి. 2020 అక్టోబరు నుంచి కొత్త కార్డులు మనము తెరిచి పెడితేనే విదేశంలో పనిచేస్తాయి, ఇక్కడే తెరిచి పెట్టుకోండి. అంగడి యంత్రం "భారత రూపాయల్లోనా, లంక రూపాయల్లోనా" అని అడిగితే లంక రూపాయల్నే నొక్కండి. మొదటిది నొక్కితే వాళ్లు పెట్టిన ధరకు మారుతుంది, అక్కడ మనకు నష్టం. క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నోట్లు తీయొద్దు, ఆ దినం నుంచే వడ్డీ. అప్పు కార్డుతో విహారం పోతే, రేకు టికెట్టు మెడలో వేసుకున్నట్టే. ముందే దుడ్డు నింపుకొనే ఫారెక్స్ కార్డు అయితే ఆ బాధ లేదు.

మూడో పంగు ఫోను. 2024 ఫిబ్రవరి 12 నుంచి మన యూపీఐ లంకలో కూడా నడుస్తోంది. మనమడు చెప్పింది నిజమే. కానీ కొండ మీద సిగ్నల్ లేకపోతే? అందుకే అవ్వ చెప్పింది కూడా నిజమే.

అత్త కాడ కూడా మూడు పంగులే ఉండినాయి. రెండు చేయి విడిచినాయి, ఒకటి ఆదుకున్నది. ఏది విడుస్తుందో, ఏది ఆదుకుంటుందో ముందుగా తెలియదు కాబట్టే మూడూ కావాలి అంటున్నాము.

ఇంకొక మనవి. అత్త మామగారి రేకు టికెట్టు మా ఇంట్లో ఉంది. అంచు తుప్పు పట్టింది, నంబరు మాత్రం వేలికి తగులుతుంది. హట్టన్‌కు పోయినప్పుడు దాన్ని తీసుకపోయి ఆ తోట ఏదో అడిగి చూస్తాము. మీ ఇండ్లలో ఫ్యామిలీ కార్డు కానీ, రేకు కానీ, పాత పడవ టికెట్టు కానీ ఉంటే పారేయకండి. వచ్చే ఆదివారం కూటానికి పాస్‌పోర్టుతో పాటు తీసుకరండి. ఫోటో తీసి సంఘం పుస్తకంలో పెడదాము.

తమిళంలో చదువుకున్న చెయ్యి ఇది. తప్పులుంటే దిద్ది చదువుకోండి.