మనసు కోలుకోవడానికి తోటివారి తోడు: కొంత చరిత్ర, మనకో పాఠం

సమాఖ్య నివేదికలో ఎప్పుడూ పొదుపు, అప్పు, రికవరీ లెక్కలే ముందుంటాయి. రికవరీ అంటే మనకు వాయిదాల వసూలు. ఇదే మాటను ఆసుపత్రుల వాళ్లు ఇంకో అర్థంలో వాడతారు: జబ్బుపడిన మనిషి కోలుకోవడం. ఈ వ్యాసం ఆ రెండో రికవరీ గురించి.

ఎందుకు ఎత్తుకున్నామో ముందు చెప్పాలి. మన గ్రామ సంఘాల్లో ఒకచోట ఒక సభ్యురాలు వరసగా ఎనిమిది వారాలు మీటింగుకు రాలేదు. మినిట్స్ పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా ఎనిమిదిసార్లు జరిమానా రాశాం. తొమ్మిదో వారం వాయిదా అడగడానికి ఇంటికి పోతే అప్పుడు తెలిసింది. కాన్పయిన దగ్గర్నుంచి ఆమెకు నిద్ర లేదు, తిండి సహించడం లేదు, బిడ్డను ఎత్తుకోవాలన్నా భయమే. "ఎవరితో చెప్పుకోను అక్కా, పిచ్చిదంటారు" అంది. అదే గ్రూపులో ఇంకో అక్క, తన రెండో కాన్పు తర్వాత ఇదే బాధ దాటి వచ్చిన మనిషి, రోజూ పోయి ఆమె దగ్గర కూర్చుంది. ఏఎన్‌ఎం ద్వారా ఆసుపత్రికి తీసుకుపోయింది. మందులు రాసింది డాక్టరే. కానీ డాక్టరు దాకా నడిపించింది తోటి మనిషి.

ఊరు, పేరు రాయడం లేదు. తప్పు ఆమెది కాదు, మనదే. ఆ జరిమానాలు తర్వాత కొట్టేశాం. అయితే ఆ అక్క చేసిన పని ఏదో ఒక్క ఊళ్లో జరిగిన వింత కాదు. దానికి పెద్ద చరిత్రే ఉంది. అది మన సభ్యులందరికీ తెలియాలి.

గొలుసుల నుంచి గొంతు దాకా

మనసు బాగోలేని వాళ్లను కట్టేయడం, దాచేయడం అన్ని దేశాల్లోనూ జరిగింది. మన పక్క రాష్ట్రం తమిళనాడులో, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ఆశ్రమం లాంటి చోట మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉండటంతో తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. గొలుసు వేసింది పగవాళ్లు కాదు. నయమవుతుందన్న ఆశతో ఇంటివాళ్లే అక్కడ వదిలి వచ్చారు.

కోలుకున్నవాళ్లు నోరు విప్పాకే ఈ పద్ధతిలో మార్పు మొదలైంది. అమెరికాలో క్లిఫర్డ్ బీర్స్ అనే ఆయన తాను పిచ్చాసుపత్రుల్లో పడ్డ పాట్లను 1908లో పుస్తకంగా రాశాడు. 1935లో అదే దేశంలో, ఓహైయో రాష్ట్రం ఏక్రన్ పట్టణంలో, తాగుడు మానాలని తంటాలు పడుతున్న ఇద్దరు మగవాళ్లు కలుసుకున్నారు. ఒకాయన షేర్ల వ్యాపారం చూసినవాడు, ఇంకొకాయన డాక్టరు. ఒకరి బాధ ఒకరికి చెప్పుకుంటుంటే తాగకుండా ఉండగలుగుతున్నామని గమనించారు. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అనే సంఘం అలా పుట్టింది. తాగినవాడే ఇంకో తాగినవాడికి తోడు, మీటింగులో ఎవరి కథ వాళ్లే చెప్పుకోవాలి. ఇదే వాళ్ల పద్ధతి.

మనకు ఇంకా దగ్గరగా తగిలే కథ జూడీ చాంబర్లిన్‌ది. 1966లో ఆమెకు గర్భం పోయింది. ఆ దిగులులోంచి బయటపడలేకపోతే ఆసుపత్రిలో వేశారు, తర్వాత ఆమె ఇష్టం లేకుండానే ఉంచేశారు. బయటికి వచ్చాక బోస్టన్‌లో తనలాంటి వాళ్లతో కలిసి పనిచేసింది. రోగులే నడుపుకునే కేంద్రాలు ఉండాలని వాదిస్తూ 1978లో పుస్తకం రాసింది. ఆమె అడిగింది పెద్ద కోరికేమీ కాదు. మా గురించి నిర్ణయం చేసేటప్పుడు మమ్మల్ని కూడా కూర్చోబెట్టండి అన్నది, అంతే. ఇంగ్లండులో 2009 నుంచి వచ్చిన రికవరీ కాలేజీలు ఇదే దారిలోవి. అక్కడ వైద్యం తెలిసిన మనిషి, జబ్బు దాటిన మనిషి పక్కపక్కన నిలబడి పాఠం చెబుతారు. వచ్చినవాళ్లు అక్కడ రోగులు కారు, విద్యార్థులు.

హరారే అవ్వల బెంచీ

అవన్నీ డబ్బున్న దేశాలు. ఇక ఆఫ్రికాలోని జింబాబ్వే సంగతి చూద్దాం. కోటి మందికి పైగా జనం ఉన్న ఆ దేశంలో మనోవైద్యులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. 2005లో ప్రభుత్వం పట్టణాల్లో బస్తీలు కూల్చింది. ఇల్లో, జీవనాధారమో, రెండూనో పోగొట్టుకున్నవాళ్లు 7 లక్షల దాకా ఉంటారని ఐక్యరాజ్యసమితి చెప్పింది. అదే ఏడు డాక్టర్ డిక్సన్ చిబాండా దగ్గర వైద్యం చేయించుకుంటున్న ఒక యువతి ప్రాణం తీసుకుంది. ఆయన దగ్గరికి తీసుకురావాలని తల్లి అనుకుంది గానీ, బస్సు ఛార్జీకి కావలసిన 15 డాలర్లు చేతిలో లేకపోయాయి. జనం ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే జనం దగ్గరికి పోవాలని ఆ డాక్టరుకు అప్పుడు తట్టింది.

ఆయనకు గది ఇవ్వలేదు, నర్సులను ఇవ్వలేదు. హరారే నగరంలోని ఎంబారే బస్తీలో ఆరోగ్య ప్రచారం చేసే 14 మంది అవ్వలు మాత్రం దొరికారు. 2006లో వాళ్లతో, క్లినిక్ ఆవరణలో చెట్టు నీడన ఒక చెక్క బెంచీతో పని మొదలైంది. 'మానసిక ఆరోగ్య బెంచీ' అని పేరు పెడదామని డాక్టరు అనుకుంటే, ఆ పేరు పెడితే ఒక్కరూ వచ్చి కూర్చోరని అవ్వలే చెప్పారు. అలా అది స్నేహపు బెంచీ అయింది. జబ్బు పేర్లు కూడా అవ్వలు డాక్టరు భాషలో చెప్పరు. వాళ్ల షోనా భాషలో 'కుఫుంగిసిసా' అంటారు, అంటే అతిగా ఆలోచించడం. మనం "ఆలోచన ఎక్కువైంది" అనుకుంటామే, సరిగ్గా అదే.

పద్ధతి చూడండి. ముందు 14 ప్రశ్నలు అడిగి బాధ ఎంత ఉందో తెలుసుకుంటారు. తర్వాత మనసు విప్పనిస్తారు. ఉన్న కష్టాలన్నీ చెప్పించి, అందులో ముందు ఏది పట్టుకోవాలో ఆమెనే ఎంచుకోమంటారు. దానికి చేయగలిగిన చిన్న పని ఏమిటో కూడా ఆమే చెప్పాలి. చేసి వచ్చి ఏమైందో చెప్పాలి. ఇలా ఆరుసార్ల దాకా కూర్చుంటారు. 'ఇలా చెయ్యి, అలా చెయ్యకు' అని అవ్వ సలహాలు గుప్పించదు. చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే అవ్వ ఒక్కతే మోయదు, వెంటనే పైవాళ్లకు చెబుతుంది.

ఇది నిజంగా పనిచేస్తుందా అని 24 క్లినిక్కుల్లో 573 మందితో పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. మామూలు సేవలు అందిన వాళ్లలో ఆరు నెలల తర్వాత నూటికి 50 మందిలో దిగులు లక్షణాలు మిగిలాయి. బెంచీ మీద కూర్చున్నవాళ్లలో మిగిలింది నూటికి 14 మందిలోనే.

మనకు ముఖ్యమైన సంగతి ఆ తర్వాతది. బెంచీ మీద పని ముగిశాక ఆ మహిళలు గుంపుగా కలుసుకుంటారు. చేతులు పట్టుకుని ఉండటం అనే అర్థం వచ్చే పేరు ఆ గుంపులకు ఉంది. కూర్చుని పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుకుంటూ, నాలుగు డబ్బులు సంపాదించుకుంటూ, మాట్లాడుకుంటారు. నిన్న సాయం పొందిన మనిషి ఇవాళ ఇంకొకరికి సాయం చేస్తుంది.

మన దేశంలో

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో వచ్చింది. మన సరిహద్దులోని బళ్లారి జిల్లాలో, 1985 నుంచి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే మనసు జబ్బులకు వైద్యం అందించి చూశారు. గోవాలో వైద్యం చదవని స్థానికులకు శిక్షణ ఇచ్చి సలహాదారులుగా పెడితే, ప్రభుత్వ క్లినిక్కులకు వచ్చిన రోగులకు మేలు జరిగిందని 2010లో తేలింది. తర్వాత గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ దిగులుతో ఉన్న గర్భిణులకు తోటి తల్లులనే తోడుగా పంపారు. 2019లో వచ్చిన ఫలితాల్లో అద్భుతాలు లేవు, కొంత మేలు మాత్రం ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. మహారాష్ట్రలో 'ఆత్మీయత' అనే కార్యక్రమం నాసిక్ జిల్లా గ్రామాల్లో మనలాంటి మహిళా సంఘాల నుంచి, రైతు సంఘాల నుంచి తోడుండే మనుషులను ఎంచుకుంది. మన పశ్చిమ గోదావరి జిల్లాలోనూ ఆశా కార్యకర్తలు ట్యాబ్‌లో ప్రశ్నలు అడిగి, అవసరమైన వాళ్లను డాక్టరు దగ్గరికి పంపే ప్రయత్నం జరిగింది.

చట్టం కూడా మారింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం వైద్యం పొందడం హక్కు. గొలుసు వేయడం నేరం.

మనకు ఇది కొత్తేమీ కాదు

తోటి మనిషి దగ్గర నేర్చుకోవడం మనకెవరూ నేర్పనక్కర్లేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు తమ ఇళ్లలోని సారా బాధ గురించి మాట్లాడుకున్నారు. ఎవరికి వారు 'నా ఖర్మ' అనుకున్నది అందరి బాధ అని అక్కడే తెలిసింది. అది ఉద్యమమై, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తర్వాత మన సీఆర్‌పీ అక్కలు బీహార్ దాకా పోయి సంఘాలు పెట్టించారు. భాష రాకపోయినా వాళ్ల మాట నమ్మారంటే, పేదరికం దాటి వచ్చిన మనిషి చెబుతోంది కాబట్టే. మనసు విషయంలోనూ అదే సూత్రం.

కాబట్టి ప్రతి గ్రామ సంఘం ఈ నాలుగు సంగతుల మీద చర్చించి తీర్మానం రాసుకోవాలని కోరుతున్నాం.

ఒకటి, వరసగా రెండు వారాలు రాని సభ్యురాలికి జరిమానా రాసే ముందు ఇద్దరు ఇంటికి పోయి మాట్లాడాలి. వాయిదా మాట ఆ రోజు ఎత్తకూడదు.

రెండు, ఇలాంటి బాధ దాటి వచ్చి, ఇష్టంతో ముందుకు వచ్చే అక్కలకు శిక్షణ అడగాలి. బలవంతం వద్దు. వాళ్లకూ ఒక తోడు కావాలి.

మూడు, విన్నమాట మినిట్స్‌లో రాయకూడదు, బోరు దగ్గర చెప్పుకోకూడదు. నమ్మకం ఒక్కసారి పోతే మళ్లీ ఎవరూ నోరు తెరవరు.

నాలుగు, మనం డాక్టర్లం కాదు. మందులు మనం మాన్పించకూడదు. ప్రాణం తీసుకోవాలనిపిస్తోందని ఎవరన్నా అంటే ఒంటరిగా వదలకుండా, వెంటనే ఏఎన్‌ఎంకు చెప్పాలి, ఆసుపత్రికి తీసుకుపోవాలి. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు సంఘం గోడ మీద పెద్దగా రాయించండి.

ఆ సభ్యురాలు ఇప్పుడు మీటింగులకు వస్తోంది. వాయిదాలూ కడుతోంది. పోయిన నెల పక్క గ్రూపులో ఒకామె రావడం మానేస్తే, "నేను పోయి చూసొస్తాను అక్కా" అని ముందు లేచింది ఆమే.