స్పైరోమెట్రీ: శ్వాసనాళ అవరోధాన్ని గుర్తించే తీరు

ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పడుతుందన్నది ఒక లెక్క. ఆ గాలి ఎంత వేగంగా బయటికి వస్తుందన్నది ఇంకో లెక్క. ఉబ్బసం, సీఓపీడీ (దీర్ఘకాలిక శ్వాసనాళ అవరోధ వ్యాధి) రోగులకు చిక్కంతా రెండోదానితోనే. లండన్ వైద్యుడు జాన్ హచిన్సన్ 1846లో ఊదిన గాలిని కొలిచే తన స్పైరోమీటర్‌తో రెండు వేల మందికి పైగా మనుషుల్ని ఊదించి మొదటి లెక్క తేల్చాడు. ఊదడానికి పట్టే సమయాన్నీ కొలవాలని ఫ్రాన్స్‌లో పరిశోధకులు టిఫ్నో, పినెల్లి 1947లో ప్రతిపాదించేసరికి నూరేళ్లు గడిచాయి.

గుండెల నిండా గాలి పీల్చి, బలంగా, చివరిదాకా ఊదినప్పుడు వచ్చే మొత్తం గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనులో బయటపడేది ఎఫ్‌ఈవీ1. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే వచ్చే నిష్పత్తే అవరోధానికి ఆనవాలు.

అయితే అంకెల కంటే ముందు ఊదినప్పుడు యంత్రం గీసే గీత చూడాలి. మధ్యలో దగ్గినా, పెదవుల పక్క నుంచి గాలి జారినా, సగంలో ఊదడం ఆపేసినా ఆ ఫలితం చెల్లదు. అందుకే ఒకసారి ఊదితే సరిపోదు. సరిగ్గా ఊదినవి కనీసం మూడు కావాలి. పెద్దవారిలో వాటిలో మేలైన రెండింటికీ 150 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు.

ఒకరి ఎఫ్‌వీసీ 3.0 లీటర్లు, ఎఫ్‌ఈవీ1 1.5 లీటర్లు అనుకుందాం. నిష్పత్తి 0.50, అంటే నాళాలు ఇరుకయ్యాయి. ఆ వయసుకు, ఎత్తుకు ఉండాల్సిన ఎఫ్‌ఈవీ1 2.5 లీటర్లయితే ఆయనకున్నది 60 శాతం. నాళాలను వదులుచేసే సాల్బుటమాల్ మందు పీల్చాక అది 1.8 లీటర్లకు పెరిగిందంటే ఉండాల్సిన విలువలో 12 శాతం లాభం. 10 శాతం దాటితే మందుకు స్పందించినట్టేనని 2021 నాటి అమెరికా, యూరప్ శ్వాసవైద్య సంఘాల సంయుక్త ప్రమాణం. అంతమాత్రాన ఉబ్బసమని రాసేయలేం, సీఓపీడీ రోగుల్లోనూ ఇలాంటి మెరుగుదల కనిపిస్తుంది. పొగ తాగే అలవాటు, ఏళ్లుగా కట్టెల పొయ్యి ముందు వంట, చిన్ననాటి పిల్లికూతలు అన్నీ అడగాలి.

సీఓపీడీపై మార్గదర్శకాలిచ్చే గోల్డ్ సంస్థ ఆ జబ్బుకు పెట్టుకున్న హద్దు, మందు పీల్చాక నిష్పత్తి 0.70 కంటే తక్కువ ఉండటం. గుర్తుపెట్టుకోవడం తేలికే, కానీ వయసుతోపాటు నిష్పత్తి సహజంగానే తగ్గుతుంది. ఆ ఒక్క అంకెనే పట్టుకుంటే వృద్ధుల్లో లేని జబ్బు అంటగట్టే ప్రమాదం, యువకుల్లో ఉన్నదాన్ని వదిలేసే ప్రమాదం రెండూ ఉన్నాయి. వయసు, ఎత్తు, లింగాన్ని బట్టి మారే సాధారణ కనిష్ఠ హద్దును పలువురు నిపుణులు మెచ్చేది అందుకే.

మరో మెలిక ఎఫ్‌వీసీదే. అది తగ్గితే ఊపిరితిత్తులు కుంచించుకుపోయాయని తొందరపడతారు. నిజానికి ఇరుకు నాళాల వెనక గాలి చిక్కుకుపోయినా అది తగ్గుతుంది. ఏది నిజమో తేల్చడానికి ఊపిరితిత్తుల మొత్తం పరిమాణాన్ని వేరే పరీక్షతో కొలవాలి.