ఎముకలో కరిగే మెగ్నీషియం: చిక్కంతా పొడిలోనే

లోహాన్ని పొడి చేస్తే దాని గుణమే మారిపోతుందని సూళ్లూరుపేట వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పులికాట్ దాటి అవతల శ్రీహరికోటలో ఎగిరే పీఎస్‌ఎల్‌వీ మొదటి దశలో దాదాపు 139 టన్నుల ఘన ఇంధనం ఉంటుంది. ఈ తరహా ఇంధనంలో సాధారణంగా 15 నుంచి 20 శాతం అల్యూమినియం పొడే. గిన్నెగా ఉన్నప్పుడు పొయ్యి మీద కూర ఉడికించే లోహం, పొడిగా మారాక రాకెట్‌ను లేపుతుంది. విరిగిన ఎముకను కొన్నాళ్లు పట్టి ఉంచి, ఆ తర్వాత ఒంట్లోనే కరిగిపోయే ఇంప్లాంట్లను మెగ్నీషియం పొడితో త్రీడీ ప్రింటింగ్ చేయవచ్చన్న మాటను కూడా ఈ అనుభవంతోనే తూచాలి.

కోరిక న్యాయమైనదే. ప్లేటో రాడ్డో వేయించుకున్న వాళ్లలో కొందరు దాన్ని తీయించుకోవడానికి మళ్లీ ఆపరేషన్ టేబుల్ ఎక్కాలి. టైటానియం బిగువు 110 గిగాపాస్కల్స్, ఎముక బిగువు మహా అయితే 20 నుంచి 30. బరువంతా లోహమే మోస్తుంటే పక్కనున్న ఎముక బలహీనపడుతుంది. మెగ్నీషియం బిగువు 45కు మించదు. పైగా మన ఒంట్లో ఎప్పుడూ సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటుంది, అందులో సగానికి పైగా ఎముకల్లోనే.

దీన్ని వాడి చూడటం కొత్తేమీ కాదు. 20వ శతాబ్దం మొదటి దశకంలోనే బెల్జియం సర్జన్ ఆల్బిన్ లాంబొట్ విరిగిన కాలికి మెగ్నీషియం ప్లేటు వేసి ఉక్కు మేకులతో బిగించాడు. ఎనిమిది రోజులకే ప్లేటు చివికిపోయింది, చర్మం కింద గ్యాస్ చేరింది. ఆ గ్యాస్ హైడ్రోజన్. నీటితో కలిసిన ప్రతి గ్రాము మెగ్నీషియం నుంచి దాదాపు లీటరు హైడ్రోజన్ పుడుతుంది. నెమ్మదిగా పుడితే ఒళ్లు దాన్ని పీల్చుకుంటుంది, తొందరపడితే బుడగ కడుతుంది. ఉక్కు తగలడం వల్ల తినివేత ఇంకా పెరిగింది. 1942లో హానవాల్ట్ బృందం చేసిన ప్రయోగాల్లో 10 లక్షల పాళ్లలో సుమారు 170 పాళ్ల ఇనుము దాటితే మెగ్నీషియం తినివేత ఒక్కసారిగా ఎగబాకింది. నికెల్‌కైతే ఆ హద్దు 5 పాళ్లే.

ఈ పాఠాలు నేర్చుకున్నాక ఫలితాలు మెరుగయ్యాయి. 2013లో జర్మనీ వైద్యులు కాలి బొటనవేలి వంకర సరిచేసే ఆపరేషన్‌లో 26 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు మెగ్నీషియం మిశ్రమం స్క్రూలు, రెండో జట్టుకు టైటానియం స్క్రూలు వేశారు. ఆరు నెలలకు రెండూ సమానంగా పనిచేశాయి. నమ్మదగిన ఆధారమే, కానీ రోగులు 26 మంది, ఎముక బొటనవేలిది. తొడ ఎముక గురించి ఇది ఏమీ చెప్పదు. పొడిని లేజర్‌తో పొర మీద పొర కరిగించి ముద్రించిన వస్తువు గురించి అసలే చెప్పదు.

అక్కడే పొడి అడ్డొస్తుంది. గ్రాము మెగ్నీషియాన్ని ఘనంగా పోస్తే దాని ఉపరితలం నాలుగు చదరపు సెంటీమీటర్లు. 40 మైక్రాన్ల గుండ్రని రేణువులుగా మారిస్తే లెక్క ప్రకారం 860 దాటుతుంది, అంటే చదరపు అడుగుకు కాస్త తక్కువ. గాలి, తేమ తగిలే చోటు రెండు వందల రెట్లు పెరిగిందన్న మాట. అందుకే కరిగిన లోహాన్ని ఆర్గాన్ ధారతో చెదరగొట్టి పొడి చేస్తారు. నైట్రోజన్ చవకే గానీ, వేడి మెగ్నీషియం దానితోనూ కలుస్తుంది. అంటుకుంటే నీళ్లు పోయకూడదు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ పనికిరాదు. మండే మెగ్నీషియం ఆ రెంటిలోని ఆక్సిజన్‌నూ లాగేసుకుంటుంది.

నిప్పు భయం జాగ్రత్తతో తీరేదే. నాకు అంతకన్నా పెద్దదిగా కనిపించే చిక్కు ఆవిరి. 2024 మే 30న అగ్నికుల్ సంస్థ త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన ఇంజిన్‌తో శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగరేసింది. ఇంజిన్ వచ్చింది కదా, స్క్రూ ఎందుకు రాదు అని అడగవచ్చు. రాకెట్ ఇంజిన్లకు వాడే నికెల్ మిశ్రమాల్లో కరగడానికీ మరగడానికీ మధ్య వెయ్యి డిగ్రీలకు పైగా ఎడం ఉంటుంది. మెగ్నీషియం 650 డిగ్రీలకు కరిగి, 1,090కే మరుగుతుంది. లేజర్ కాస్త ఎక్కువైతే లోహం పొగై కిరణానికే అడ్డం పడుతుంది. 907 డిగ్రీలకే మరిగే జింక్ మిశ్రమంలో ఉంటే దాని పాలు తగ్గిపోతుంది. డబ్బా మీద రాసిన మిశ్రమం ఒకటి, చేతికొచ్చిన ఇంప్లాంటు ఇంకొకటి కావచ్చు. లేజర్ తగ్గిస్తే మరో తంటా: రేణువుల మీది ఆక్సైడ్ పొర 2,800 డిగ్రీల దాకా కరగదు, కాబట్టి రేణువులు సరిగా అతుక్కోవు.

అయినా ముద్రించలేమని కాదు. 2018లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు డబ్ల్యూఈ43 అనే మెగ్నీషియం మిశ్రమంతో జల్లెడ లాంటి చట్రం ముద్రించి ఒంటి ద్రవాన్ని పోలిన ద్రావణంలో ఉంచారు. నాలుగు వారాల్లో సుమారు 20 శాతం కరిగింది, బిగువు మాత్రం మెత్తటి ఎముక స్థాయిలోనే నిలిచింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ పాత్రలోని ద్రావణం రక్తం ప్రవహించే ఎముక కాదు.

మన దగ్గర హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ (పౌడర్ మెటలర్జీ పరిశోధన కేంద్రం) తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి వేరే లోహాన్ని ఎంచుకుంది. 2020లో ప్రకటించిన ఆ కరిగే స్టెంట్ (రక్తనాళాన్ని తెరిచి ఉంచే గొట్టం) మిశ్రమం ఇనుము, మాంగనీసులది, మాంగనీసు 29 శాతం పైన. మెగ్నీషియంలా గ్యాస్ ఎగదన్నదు, ఎంఆర్ఐకి అడ్డు రాదు. మూడు నుంచి ఆరు నెలలు బలంగా ఉండి, ఏడాది రెండేళ్లలో పూర్తిగా కరుగుతుందని వారి అంచనా. అదీ ద్రావణంలో కొలిచిన వేగం నుంచి కట్టిన లెక్కే. నిదానంగా కరగడం రక్తనాళానికి మేలు కావచ్చు, ఎముకకు అదే వేగం సరిపోతుందని అనుకోలేం.

ముద్రించిన మెగ్నీషియం ఇంప్లాంట్ల ఫలితాల్లో ఎక్కువ భాగం ఇంకా ల్యాబు, జంతు పరీక్షల దశవే. ఇకమీదట ఇలాంటి వార్త కంటపడితే ముందు ఒకటి చూడండి: పొడిలో ఆక్సిజన్, ఇనుము, నికెల్ ఎంతున్నాయో, ముద్రించాక మిశ్రమం పాళ్లు ఎంత మారాయో అంకెల్లో చెప్పారా? చెప్పకపోతే ఆ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకండి.