పుట్టుక సాక్ష్యమగునా? – వేలిముద్ర నుండి డి.ఎన్.ఏ. ముద్ర వరకు

నేరము చేసినవాడెవడు? ఈ ప్రశ్నకు జవాబు రెండు విధములుగా వెదుకవచ్చును. నేరస్థలమున దొరికిన ఆనవాలు ఎవరిదో పరీక్షించుట ఒక పద్ధతి. ‘ఇట్టి పనులు ఫలానా కులమువారే చేయుదురు’ అని ముందే నిశ్చయించుకొని వారి ఇండ్లపై పడుట రెండవ పద్ధతి. మొదటిది శాస్త్రము, రెండవది వట్టి అనుమానము. అయినను గత నూటయేబది సంవత్సరములలో ఈ రెండును పలుమార్లు ఒకే గొడుగు క్రింద నడచినవి. ఇందుకు మన గుంటూరు సీమయే సాక్ష్యము.

1871లో బ్రిటిషు ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టము చేసెను. 1911లో దానిని సవరించి మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. ఒక సమూహమును నేరస్థ జాతిగా ప్రకటించినచో అందు పుట్టినవారు తమ పేర్లు నమోదు చేయించుకొని, వేలిముద్రలు ఈయవలసి వచ్చెడిది. ఆ ప్రకటనను న్యాయస్థానములో ప్రశ్నించుటకు వీలులేదు.

ఈ చట్టము వాతబడినవారిలో ఎరుకలవారు ముఖ్యులు. వీరు ఒకప్పుడు గాడిదలపైనను ఎద్దులపైనను సముద్రతీరపు ఉప్పును లోపలి మెట్టసీమలకు చేరవేసి, బదులు ధాన్యము తెచ్చుకొనెడివారు. 19వ శతాబ్ది చివర ప్రభుత్వపు ఉప్పు విధానమును, నరసరావుపేట, వినుకొండల మీదుగా సాగినట్టి రైలుమార్గములును ఆ వర్తకమును దెబ్బతీసినవి. బ్రతుకుతెరువు పోయిన సంచారి పోలీసు కంటికి దొంగగా కనబడెను. 1910 దశకమున బాపట్ల సమీపమున స్టువర్టుపురము సెటిల్‌మెంటు వెలసెను. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడగు హెరాల్డ్ స్టువర్టు పేర ఏర్పడిన ఆ ఊరిని సాల్వేషన్ ఆర్మీ మిషనరీలు నిర్వహించిరి. అచ్చటివారు హాజరు పలుకవలెను; అనుమతి లేనిదే పొలిమేర దాటరాదు.

ఆ కాలపు శాస్త్రము ఈ అనుమానమునకు వత్తాసు పలికినది. మద్రాసు మ్యూజియము అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ కులముల వారీగా తలల చుట్టుకొలతలు, ముక్కుల పొడవు వెడల్పులు కొలిచెను. ఏడు సంపుటముల ఆతని గ్రంథము 1909లో వెలువడెను. ముక్కు కొలతను బట్టి జాతిని, జాతిని బట్టి గుణమును నిర్ణయింపవచ్చునని నాటి పలువురి నమ్మకము.

ఇదే కాలమున దీనికి పూర్తిగా భిన్నమైన సాధనమొకటి మన దేశముననే రూపొందినది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము ఏర్పడెను. హెన్రీ పేర ప్రసిద్ధమైన వర్గీకరణ వెనుక అజీజుల్ హక్, హేమచంద్ర బోసుల కృషి కలదు. వేలిముద్ర కులమును చెప్పదు, వ్యక్తిని మాత్రమే చెప్పును. అయినను దానిని కులమును బట్టియే సేకరించిరి. లోపము సాధనమున లేదు, దానిని ఎవరిపై ప్రయోగింపవలెనో నిర్ణయించిన చేతియందున్నది.

1984లో ఇంగ్లండున అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఏ. ముద్రను కనుగొనెను. లెస్టరు నగర సమీపమున 1983, 1986 సంవత్సరములలో ఇద్దరు బాలికలు హత్యకు గురిఅయిరి. ఒక యువకుడు అందొక నేరమును ఒప్పుకొనెను. పరీక్షింపగా రెండు నేరములును ఒక్కనివేయనియు, ఆ ఒక్కడు ఈ యువకుడు కాడనియు తేలెను. నేరపరిశోధనలో ఈ విద్య చేసిన తొలి ఉపకారము నిర్దోషిని విడిపించుటయే! అసలు దోషికి 1988లో శిక్ష పడెను. మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగు 1980 దశకము చివరనే ఈ విద్యను స్వతంత్రముగా నెలకొల్పెను.

డి.ఎన్.ఏ.లో జాతి కనిపించునా? మానవుల జన్యుభేదములలో సుమారు 85 శాతము ఒక్కొక్క జనసమూహము లోపలనే ఉన్నవని 1972లో లెవాంటిన్ లెక్కగట్టెను. నేరపరిశోధకులు చూచునవి డి.ఎన్.ఏ.లో చిన్న అక్షరసమూహములు పలుమారులు పునరావృతమగు చోట్లు. ఆ పునరావృత్తుల సంఖ్య మనిషి మనిషికిని మారును. అది గుణమును గాని, నేరబుద్ధిని గాని తెలుపదు.

కాని ఒక చిక్కు కలదు. రెండు ముద్రలు కలిసినంతనే పని ముగియదు; ఆ కలయిక యాదృచ్ఛికమగుటకు అవకాశమెంత అని తేల్చవలెను. ఊహకు ఒక లెక్క చూతము. ఒక చోట రెండు రూపములున్న వ్యక్తిని తీసికొనుడు. ఒక్కొక్క రూపము నూటికి 10 వంతున ఉన్నచో అట్టి జంట 50 మందిలో ఒకనికుండును. ఐదు చోట్లను కలిపినచో 31 కోట్లలో ఒకడు. ఆ రూపములే ఒక చిన్న సమూహమున నూటికి 20 వంతున ఉన్నచో ఐదు చోట్ల లెక్క 3 లక్షలలో ఒకడుగా దిగిపోవును. నేడు ఇరువది చోట్ల వరకు పరీక్షించుటచే ఈ ప్రమాదము చాలవరకు తగ్గినది. కాని నేరస్థలపు నమూనా చెడి కొన్ని చోట్లే పనికివచ్చినప్పుడు ఈ తేడా ఒకని ప్రాణము మీదికి తేగలదు.

మన దేశమున ఈ జాగ్రత్త మరింత అవసరము. 25 సమూహములకు చెందిన 132 మంది డి.ఎన్.ఏ.ను పరిశీలించి 2009లో లాల్జీ సింగు, తంగరాజు మున్నగువారు ప్రకటించిన పరిశోధన, స్వకుల వివాహములు మన సమూహములను ఎంత కాలముగా వేరుపరచినవో చూపినది. రక్తసంబంధుల ముద్రలలో పోలికలెక్కువ. దోషి బంధువుల ద్వారా దోషిని వెదకు పద్ధతిలో అందుచేత ఇరుగుపొరుగు నిర్దోషులపైకి అనుమానము ప్రాకవచ్చును. ఇక భాండారములోని నమూనాలు ఎక్కువగా కొన్ని కులములవారివే అయినచో 1911 నాటి వేలిముద్రల కథ మరల మొదలగును.

డి.ఎన్.ఏ. బిల్లు 2019లో లోక్‌సభకు వచ్చెను. కులమతములను బట్టి ఇది దుర్వినియోగమగునను భయములు పూర్తిగా నిరాధారములు కావని 2021లో స్థాయీ సంఘము అభిప్రాయపడెను. 2023లో ఆ బిల్లు ఉపసంహరింపబడెను. నేరస్థ జాతుల చట్టము 1952లోనే రద్దయినను, దాని నీడ తొలగుటకు చాలకాలము పట్టినది. చెరసాల నియమావళులలోని కులవివక్షను, విముక్త జాతులను పుట్టు నేరస్థులుగా చూచు నిబంధనలను 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కొట్టివేసినది.

శాస్త్రము చెప్పగలిగినది ఒక్కటే: ఈ రక్తపుచుక్క ఈ మనిషిది, లేక ఈ మనిషిది కాదు. అంతకుమించి కులము పేర చెప్పెడి మాట ఏదైనను అది ప్రయోగశాల పలికినది కాదు, పాత అనుమానము పలికినది. ఈ భేదమును న్యాయాధిపతియు, పోలీసు అధికారియు, సామాన్య పౌరుడును ఎరిగిననాడే ఈ విద్య నిర్దోషికి రక్షయగును.