చదివింపుల నుంచి మౌనపఠనం దాకా: తెలుగు పాఠకుల అలవాట్ల చరిత్ర

వ్యాససంగ్రహం:
తెలుగు సాహిత్యచరిత్రలు ప్రధానంగా కవుల కాలనిర్ణయం, కృతుల గుణదోష విచారణ చుట్టూ నడిచాయి. ఆ కృతులను చదివినవారు ఎలా చదివారు, పుస్తకాన్ని ఎలా సంపాదించారు, ఎలా దాచుకున్నారు అన్న ప్రశ్నలకు వాటిలో దక్కిన చోటు స్వల్పం. జీవితాంతం పుస్తకాన్ని విడువని పాఠకుల అలవాట్లను వింత ప్రవర్తనలుగా కాక, ఆయా కాలాల్లో పుస్తకం లభించిన తీరుకు సాక్ష్యాలుగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. తాళపత్ర యుగం నుంచి వారపత్రికల కాలం దాకా ఈ అలవాట్ల పరిణామాన్ని స్థూలంగా గుర్తించి, వాటి ఆధారాలను కాపాడుకోవలసిన అవసరాన్ని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పఠన చరిత్ర, పాఠకుడు, తాళపత్రం, గ్రంథాలయోద్యమం, వారపత్రిక, ధారావాహిక, అద్దె పుస్తకాలు.

1. ఉపోద్ఘాతం:
కొన్న ప్రతి పుస్తకం మొదటి పుటలో పేరు, ఊరు, తేదీ రాసుకునేవారు ఉన్నారు. ఎరువిచ్చిన పుస్తకాల పద్దును చిన్న నోటుపుస్తకంలో నడిపేవారు ఉన్నారు. వేరుశనగకాయల పొట్లం విప్పి, కాయలు తినడం ముగిశాక ఆ కాగితాన్ని సాపు చేసి చదివేవారు ఉన్నారు. పెన్సిలు లేనిదే పుస్తకం తెరవనివారూ, పుస్తకం మీద గీత పడితే సహించలేనివారూ ఒకే ఇంట్లో కనిపిస్తారు. సాధారణంగా వీటిని 'పుస్తకాల పిచ్చి' అన్న ఒక్క మాటతో తేల్చివేస్తాం. అయితే ఈ అలవాట్లను వరుసలో పెట్టి చూస్తే వాటి వెనుక కొరత ఉంది, భయం ఉంది, మర్యాద ఉంది, కొన్నిచోట్ల నిషేధం కూడా ఉంది. వ్యక్తి స్వభావంగా కనిపించేది చాలావరకు ఒక కాలం నేర్పిన నడవడి.

2. చదువు - చెవికి చెందిన క్రియ:
తెలుగులో 'చదువు' అన్న మాట చాలాకాలం కంటికన్నా నోటికీ చెవికీ దగ్గరగా ఉంది. పెళ్లిలో బంధుమిత్రులు ఇచ్చే కానుకలను నేటికీ 'చదివింపులు' అంటాం. ఇచ్చినవారి పేరు, ఇచ్చిన వస్తువు నలుగురికీ వినబడేలా ప్రకటించడమే ఆ మాటకు మూలం. చదవడమంటే పదిమంది ఎదుట పలకడమనే భావం ఈ ఆచారంలో నిలిచిపోయింది. 'వల్లె వేయడం', 'పారాయణం', 'కంఠస్థం' అన్న మాటలు కూడా ధ్వని ప్రధానమైన చదువునే సూచిస్తాయి.

పురాణ కాలక్షేపంలో చదివేవారు ఒకరు, వినేవారు అనేకులు. అక్షరం రానివారికి సైతం భారత భాగవతాల పద్యాలు నోటికి రావడానికి ఈ పద్ధతే కారణం. అందుచేత అక్షరాస్యుల సంఖ్యను బట్టి మాత్రమే ఆనాటి సాహిత్య గ్రహీతలను లెక్కించడం సరికాదు. అచ్చు వచ్చిన తరువాత కూడా ఈ అలవాటు పోలేదు. రచ్చబండ మీద ఒకరు పత్రిక పైకి చదవడం, మిగిలినవారు విని వ్యాఖ్యానించడం ఇరవయ్యో శతాబ్దంలోనూ పల్లెల్లో కనిపించిన దృశ్యమే. పెదవులు కదపకుండా పత్రిక చదవలేని పెద్దలలో మనం చూసేది చదువు చాలకపోవడం కాదు, ఒక ప్రాచీన పఠన పద్ధతి శేషం.

ఈ సందర్భంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం ఉదాహరణ గమనించదగినది. బాల్యం నుంచీ దృష్టిలోపంతో బాధపడిన ఆయన ఇతరులచేత చదివించుకొని విని, తన రచనలను చెప్పి రాయించారు. కంటితో చదవడమే పాఠకత్వానికి కొలత అయితే ఆయనను పాఠకుడని అనలేం. నిజానికి ఆయన తన కాలపు గొప్ప పాఠకులలో ఒకరు.

3. తాళపత్రం - నకలుగా చదువు:
తాళపత్ర యుగంలో పుస్తకం కావాలంటే ఎవరో ఒకరు గంటంతో రాయాలి. ఆకును పదును చేయడం, గంటంతో గీయడం, గీతల్లో మసి పట్టించడం, కంతలో తాడు దూర్చి చెక్కల మధ్య బిగించి కట్టడం అన్నీ శ్రమతో కూడిన పనులు. ఒక గ్రంథాన్ని సొంతం చేసుకోవడానికి దానిని ఎత్తి రాసుకోవడమే అనేకులకు మార్గం. ఆ రాత ఏ మౌనపఠనం కన్నా నిదానమైన చదువు.

లేఖకులు గ్రంథాంతంలో రాసుకున్న మాటలు ఈ శ్రమకు సాక్ష్యం. వీపు, మెడ వంగిపోయేలా కష్టపడి రాశామనీ, నూనె నుంచీ నీటి నుంచీ వదులైన కట్టు నుంచీ గ్రంథాన్ని కాపాడాలనీ, తెలియనివారి చేతిలో పెట్టవద్దనీ వారు సంప్రదాయంగా విన్నవించుకునేవారు. పుస్తకం ఎరువివ్వడానికి వెనుకాడే నేటి పాఠకుడి గుణానికి ఇంత పాత వంశవృక్షం ఉంది. పరుల చేతికి పోయిన పుస్తకం తిరిగి రాదని హెచ్చరించే సంస్కృత సూక్తి తెలుగు ఇళ్లలో సామెతలా వాడుకలో ఉండడానికీ ఇదే నేపథ్యం.

పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకోవడం, ఉమ్మితడితో పుట తిప్పవద్దని పిల్లలను మందలించడం, పారాయణ గ్రంథాన్ని నేల మీద ఉంచక వ్యాసపీఠం మీద ఉంచడం వంటివి సరస్వతీ భావనతో ముడిపడిన ఆచారాలు. అవి అదే సమయంలో పుస్తక సంరక్షణ నియమాలు కూడా. భక్తి, జాగ్రత్త ఇక్కడ విడదీయరాకుండా కలిసిపోయాయి.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ కృషిని కూడా ఈ కోణం నుంచి చూడవచ్చు. 1820లో కడపకు వచ్చిన ఆయన, తరువాతి కాలంలో పండితులనూ లేఖకులనూ నియమించి ప్రతులను సేకరింపజేశారు, పోల్చి చూపించి శుద్ధప్రతులు రాయించారు. ఆయన వేమన పద్యాల సంపుటి 1829లో వెలువడింది. ఒకే పద్యానికి అనేక పాఠాలు ఎదురుపడినప్పుడు వాటిని పక్కపక్కన పెట్టి చూడడం ఒక పాఠకుడి అలవాటే. అది పరిష్కరణ శాస్త్రానికి దారి తీసింది. 1909లో నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించిన మానవల్లి రామకృష్ణకవి అన్వేషణకూ మూలం ఇటువంటి తీరని పఠనాసక్తే.

4. అచ్చు - సొంత పుస్తకం, ఏకాంతం:
పందొమ్మిదో శతాబ్దంలో అచ్చు విస్తరించాక పుస్తకానికీ పాఠకుడికీ ఉన్న సంబంధం మారింది. 1854లో మొదలైన వావిళ్ల వారి ముద్రణ సంస్థ వంటివి పురాణాలనూ ప్రబంధాలనూ ఇళ్లకు చేర్చాయి. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, శాస్త్రం, నవల వంటి కొత్త విషయాలకు పాఠకులను సిద్ధం చేసింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1926లో ఆంధ్ర గ్రంథమాలను ప్రారంభించారు. వరుస సంఖ్యలతో వచ్చే గ్రంథమాలలు పాఠకుడిలో కొత్త గుణాన్ని పెంచాయి. అది సంపుటాలను లోటు లేకుండా పూర్తిచేసుకోవాలన్న తపన. అలమరలో ఒక సంఖ్య లేకపోతే నిద్రపట్టని సేకర్త ఈ కాలపు సృష్టి.

అచ్చుపుస్తకం ఏకాంత పఠనానికి అవకాశమిచ్చింది. ఈ ఏకాంతం అందరికీ సమానంగా దక్కలేదు. భండారు అచ్చమాంబ బడికి వెళ్లి కాక, సోదరుడు కొమర్రాజు లక్ష్మణరావు తోడ్పాటుతో ఇంట్లో చదువుకున్నారు. ఆ చదువుతోనే ఆమె స్త్రీల చరిత్రల సంకలనానికి పూనుకున్నారు. నవల స్త్రీలనూ యువకులనూ చెడగొడుతుందన్న అభ్యంతరం చాలాకాలం వినిపించింది. పాఠ్యపుస్తకం మధ్య నవల దాచడం, పనులన్నీ ముగిశాక దీపం దగ్గర చదవడం, పుస్తకాన్ని బియ్యపు డబ్బా వెనుక ఉంచడం వంటి అలవాట్లు ఈ నిఘా నుంచి పుట్టాయి. వీటిని చిలిపితనంగా వర్ణిస్తే వాటిలోని పెనుగులాట మరుగున పడుతుంది.

5. గ్రంథాలయోద్యమం - పాఠకుడి దగ్గరకు పుస్తకం:
1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1911లో విజయవాడలో రామమోహన గ్రంథాలయం ఏర్పడ్డాయి. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగింది. దాని వెనుక అయ్యంకి వెంకటరమణయ్య కృషి ఉంది. ఆ సభకు అధ్యక్షులు చిలకమర్తి లక్ష్మీనరసింహం. విని చదివిన మనిషి గ్రంథాలయ సభకు అధ్యక్షత వహించడం తెలుగు పఠన చరిత్రలో రెండు యుగాలు కలిసిన సందర్భం.

1918లో ప్రారంభమైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికల సంపుటాలను పదిలపరచి పరిశోధకులకు ఆధారంగా నిలిచింది. 1935లో పాతూరి నాగభూషణం గుంటూరు ప్రాంతపు కాలువలో పడవ గ్రంథాలయాన్ని నడిపారు. పడవ ప్రయాణం నిదానమైనది. ఆ తీరికను పఠన సమయంగా మార్చిన ఆలోచన అది. నేడు ప్రయాణానికి బట్టలకన్నా ముందు పుస్తకం సర్దుకునే పాఠకుడి అలవాటుకు ఈ ప్రయత్నం ఒక సంస్థాగత రూపం.

నిజాం పాలనలోని తెలంగాణలో పఠనానికి మరో పార్శ్వం ఉంది. సభలకు ముందస్తు అనుమతి కావలసిన పరిస్థితుల్లో గ్రంథాలయమే కలుసుకునే చోటు అయింది. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలను స్వయంగా మోసుకొని వెళ్లి పాఠకులకు అందించారు. ఇక్కడ చదవడం కాలక్షేపం కాదు, పౌర జీవితంలోకి ప్రవేశం.

గ్రంథాలయం తన క్రమశిక్షణను పాఠకుడికీ నేర్పింది. పుస్తకం ఎవరిదో రుజువు చేయడానికి లోపలి నిర్ణీత పుటలో రహస్యంగా ముద్ర వేయడం గ్రంథాలయాల పద్ధతి. సొంత పుస్తకాల్లో తనకు మాత్రమే తెలిసిన ఒక పుటలో సంతకం చేసుకునే పాఠకుడు ఆ పద్ధతినే ఇంటికి తెచ్చుకున్నాడు. ఎరువు పద్దు కూడా గ్రంథాలయపు రిజిస్టరుకు ఇంటి ప్రతిరూపమే.

6. వారపత్రిక, అద్దె నవల - నిరీక్షణగా పఠనం:
1930ల నుంచి కొవ్వలి లక్ష్మీనరసింహారావు, జంపన చంద్రశేఖరరావుల చౌక నవలలు సాధారణ పాఠకులను విస్తారంగా ఆకర్షించాయి. పండితులు ఆదరించకపోయినా, చదివే అలవాటును వేలమందికి పరిచయం చేసినవి ఈ పుస్తకాలే. 1947లో చందమామ, 1952లో ఆంధ్రప్రభ వారపత్రిక వచ్చాయి. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు, జ్యోతి మాసపత్రికలో యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ', ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' తమ తమ కాలాల్లో పాఠకులను కట్టిపడేశాయి.

ధారావాహిక పఠనానికి కాలాన్ని నిర్ణయించింది. పత్రిక వచ్చే రోజు ఇంట్లో ముందు ఎవరు చదవాలన్న తగవు, పొరుగింటికి చేతులు మారే వరుస, తరువాతి వారం ఏమవుతుందన్న ఊహాగానం అన్నీ పఠనంలో భాగాలే. ధారావాహిక పుటలను విప్పి, వరుసగా పేర్చి, దారంతో కుట్టి లేదా బైండు చేయించి దాచుకున్నవారు అనేకులు. నవల విడిగా అచ్చయినా ఆ బైండు పుస్తకాన్ని వదులుకోని పాఠకులు ఉన్నారు. అందులో బొమ్మలు ఉన్నాయి, ప్రకటనలు ఉన్నాయి, వారం వారం ఎదురుచూసిన కాలం ఉంది.

అద్దె పుస్తకాల దుకాణం వేగాన్ని నేర్పింది. అద్దె రోజు లెక్కన ఉండడంతో రాత్రికి రాత్రే ముగించడం, ఒక అద్దెకు ఇంటిల్లిపాదీ చదవడం అలవాటయింది. ఆ పుస్తకాల అంచులు పాఠకుల బహిరంగ చర్చావేదికలు. మెచ్చుకోళ్లు, తిట్లు, ముందరి పాఠకుడి వ్యాఖ్యకు జవాబులు అక్కడ కనిపిస్తాయి. హంతకుడి పేరును మొదటి పుటలోనే రాసిపెట్టే కొంటెవారూ లేకపోలేదు. విమర్శకులు పట్టించుకోని నవలలకు లభించిన తొలి విమర్శ ఈ అంచుల్లోనే ఉంది.

7. ఆధారాల సంరక్షణ:
పై పరిశీలన ఒక ఆందోళనకు దారి తీస్తుంది. పాఠకుల చరిత్రకు ఆధారాలు పాఠ్యంలో లేవు, పాఠ్యం చుట్టూ ఉన్నాయి. పేరు రాసిన మొదటి పుట, తేదీల చీటీ, అంచు రాత, పుటల మధ్య మిగిలిన రావి ఆకు, నెమలి ఈక, బస్సు టిక్కెట్టు ఆ ఆధారాలు. గ్రంథాలయాల్లో పాత ప్రతిని తొలగించేటప్పుడు, అదే ముద్రణ మరోచోట ఉందన్న కారణం చెబుతారు. పాఠ్యం దృష్టితో ఆ వాదన సరైనదే. పాఠకుడి దృష్టితో ఏ రెండు ప్రతులూ ఒకటి కావు. ఇంటి పెద్దలు గతించిన తరువాత బైండు చేసిన ధారావాహికలు తూకానికి పోవడం మన కళ్ల ముందు జరుగుతున్నదే.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వంటి ప్రయత్నాలు వేలాది తెలుగు పుస్తకాలను అందుబాటులోకి తెచ్చాయి. వాటిలో గ్రంథాలయ ముద్రలు, యజమానుల సంతకాలు అక్కడక్కడా కనిపిస్తాయి. వాటిని మరకలుగా భావించి తుడిచివేయడం కాక, వివరాలుగా నమోదు చేయడం అవసరం. ఇందుకు మూడు పనులు సాధ్యం. మొదటిది, గ్రంథసూచిలో యజమాని రాతలను, అంచు రాతలను పేర్కొనడం. రెండవది, బైండు ధారావాహికలను ప్రకటనలతో సహా భద్రపరచడం. మూడవది, డెబ్బై ఏళ్లు దాటిన పాఠకుల పఠన జ్ఞాపకాలను తెలుగు శాఖల విద్యార్థులచేత సేకరింపజేయడం. మూడవ పనికి వ్యవధి అన్నిటికన్నా తక్కువ.

8. ముగింపు:
• తెలుగులో చదువు దీర్ఘకాలం శ్రవణ ప్రధానంగా నడిచింది. మౌనపఠనం దాని స్థానాన్ని పూర్తిగా ఆక్రమించలేదు.
• పుస్తకాన్ని ఎరువివ్వకపోవడం, కళ్లకద్దుకోవడం, నకలు రాసుకోవడం వంటివి ప్రతులు అరుదైన కాలపు సంరక్షణ పద్ధతులు.
• దాచుకొని చదవడం, ఒకే పుస్తకాన్ని ఇంటిల్లిపాదీ పంచుకోవడం సామాజిక ఆంక్షలకూ ఆర్థిక పరిమితులకూ పాఠకులు చెప్పిన సమాధానాలు.
• గ్రంథాలయోద్యమం, గ్రంథమాలలు, వారపత్రికలు, అద్దె దుకాణాలు ఒక్కొక్కటీ తనదైన పాఠకుణ్ణి తయారుచేశాయి.
• నేడు ఫోనులో కథలు వినేవారు పెరగడాన్ని పఠన పతనంగా మాత్రమే చూడనవసరం లేదు. చెవి తెలుగు పాఠకుడికి కొత్త కాదు.

కవి పేరు తెలియని పద్యాన్ని చాటువుగానైనా కాపాడుకున్న సమాజం మనది. పేరు తెలిసిన పాఠకుల రాతలు మన అలమరల్లోనే ఉన్నాయి. వాటిని చదవడం కూడా సాహిత్య చరిత్రకారుల బాధ్యతే.